షుగరున్న పెద్దవాళ్లకు చెవి పోటొస్తే

చెవి పోటంటే ఎవరూ భయపడరు. పిల్లలకు జలుబు చేస్తే వస్తుంది, తలస్నానంలో నీళ్లు పోతే వస్తుంది, నాలుగు రోజుల్లో పోతుంది. అందుకే 70 ఏళ్ల మనిషి, అందులోనూ ఏళ్ల తరబడి షుగరు మాత్రలు మింగుతున్న మనిషి ‘చెవిలో కాస్త నొప్పిగా ఉందిరా’ అంటే ఇంట్లో పెద్దగా పట్టించుకోరు. మందుల షాపు నుంచి చుక్కల మందు తెస్తారు. వారం గడుస్తుంది. ‘ఏం నాన్నా, తగ్గిందా?’ అంటే ‘పర్లేదులే, నువ్వు ఆఫీసుకు వెళ్లు’ అంటాడాయన. రాత్రి పదకొండు దాటాక మాత్రం మంచం మీద లేచి కూర్చుని, అరచేత్తో చెవి అదుముకుని తెల్లవార్లూ అలాగే ఉంటాడు. ఆ సంగతి అమ్మ ఒక్కదానికే తెలుస్తుంది.

ఈ కథనమంతా ఆ రాత్రి నొప్పి గురించే. షుగరున్న పెద్దవాళ్లలో కొందరికి చెవి గొట్టంలో మొదలైన ఇన్ఫెక్షన్ చర్మంతో ఆగదు. పక్కనున్న ఎముకలోకి దిగి, అక్కణ్నుంచి పుర్రె అడుగు భాగానికి పాకుతుంది. దీన్ని వైద్యులు నెక్రోటైజింగ్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అంటారు. మాలిగ్నెంట్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అన్నది పాత పేరు. కేసు షీట్ల మీద ఇప్పటికీ ఆ పాత పేరు కనిపిస్తుంది, అది చదివి క్యాన్సర్ అనుకుని ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోతారు. ఇది క్యాన్సర్ కాదు. సూక్ష్మజీవి వల్ల ఎముకకు పట్టే జబ్బు. మందులున్నాయి. చాలామందికి నయమవుతుంది. అయితే ముందు ఎవరో ఒకరు దాన్ని గుర్తుపట్టాలి, ఆలస్యమంతా అక్కడే జరుగుతోంది.

అరుదైన జబ్బే, కాదనడం లేదు. కానీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు వ్యాధిగ్రస్తులు 10 కోట్ల మందికి పైనే. ఇంతమందిలో అరుదైన జబ్బు కూడా పెద్దాసుపత్రుల ఈఎన్‌టీ వార్డుల్లో కనబడుతూనే ఉంటుంది. షుగరుంటే కాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలని, కాలి పుండు ఎముకకు పట్టొచ్చని మనకు ఇప్పుడు బాగానే తెలుసు. చెప్పులు లేకుండా నడవొద్దని మనవలు కూడా తాతయ్యకు చెబుతున్నారు. చెవి విషయంలో అదే ప్రమాదం ఉందని చెప్పేవాళ్లు మాత్రం ఇంకా లేరు.

రెండున్నర సెంటీమీటర్ల దారి

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి వరకు ఉన్న గొట్టం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. బయటి మూడో వంతు మృదులాస్థి, లోపలి రెండు వంతులు ఎముక. ఎముక మీదున్న చర్మం చాలా పల్చన. దాని కింద కొవ్వు పొర ఉండదు, చర్మం నేరుగా ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ గొట్టాన్ని మనం శుభ్రం చేయాల్సిన పని లేదు. లోపలి చర్మం నెమ్మదిగా బయటివైపు జరుగుతూ గులిమిని కూడా తనతో పాటు తెచ్చేస్తుంది. ఆ గులిమి మురికి కాదు, చర్మానికి కాపలా. నీటిని లోపలికి ఇంకనివ్వదు. కాస్త ఆమ్లగుణం ఉన్నది కాబట్టి సూక్ష్మజీవుల్ని పెరగనివ్వదు.

షుగరున్నవాళ్ల గులిమిలో ఆ ఆమ్లగుణం తగ్గి ఉంటుందని పరీక్షల్లో తేలింది. సన్నని రక్తనాళాలు దెబ్బతినడం వల్ల చర్మానికీ ఎముకకూ అందే రక్తం తగ్గుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు తెల్లకణాలు సూక్ష్మజీవిని చేరడంలోనూ, దాన్ని మింగి చంపడంలోనూ వెనకబడతాయి. దీనికి వయసు కూడా తోడవుతుంది. ఇవన్నీ కలిసినచోట చర్మం మీద ఒక్క గీత పడితే చాలు.

ఆ గీత దేనితో పడుతుందో మనందరికీ తెలుసు. దూదిపుల్ల, అగ్గిపుల్ల, పిన్నీసు, బండి తాళంచెవి. ఊళ్లలో కోడి ఈక. బస్టాండ్ల దగ్గర సన్నటి కడ్డీలు పట్టుకుని చెవులు శుభ్రం చేస్తామంటూ తిరిగేవాళ్ల ముందు కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఇంకొకటి ఆసుపత్రిలోనే జరుగుతుంది. గులిమి పట్టేసిందని సిరంజితో నీళ్లు కొట్టించుకోవడం. జబ్బు మొదలవడానికి ముందు ఇలా నీళ్లు కొట్టించుకున్న రోగులు ఎక్కువగా ఉన్నారని పిట్స్‌బర్గ్ వైద్యులు 1990లోనే రాశారు. నీటికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం ఊహ కాదు. ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి నివాసం తడే.

దాని పేరు స్యూడోమోనాస్ ఎరుజినోసా. సింకుల్లో, కుళాయిల మూతుల్లో, తడి ఆరని ప్రతిచోటా ఉంటుంది. పూర్వం సైనికుల గాయాలకు కట్టిన గుడ్డలు ఒక్కోసారి నీలి ఆకుపచ్చ రంగుకు తిరిగేవి. ఆ రంగుకు కారణమైన ఈ జీవిని 1882లో కార్ల్ జెసార్ అనే ఫ్రెంచ్ ఫార్మసిస్టు వేరుచేసి చూపించాడు. ఆరోగ్యవంతుల్ని ఇది పెద్దగా ఏమీ చేయలేదు. ఈతకొట్టేవాళ్ల చెవుల్లో వచ్చే నొప్పికి కూడా చాలాసార్లు ఇదే కారణం, చుక్కల మందుతో వారం పది రోజుల్లో పోతుంది. రక్తం సరిగా అందని చర్మం దొరికితే మాత్రం ఇది సన్నని రక్తనాళాల గోడల్నే పట్టుకుని వాటిని మూసేస్తుంది. అప్పుడు అక్కడికి రక్తమూ రాదు, రక్తంతో పాటు రావాల్సిన మందూ రాదు.

చెవి గొట్టం మృదులాస్థిలో పుట్టుకతోనే సన్నని చీలికలుంటాయి. 18వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రవేత్త శాంటోరినీ పేరుతో వాటిని పిలుస్తారు. ఇన్ఫెక్షన్ ఈ చీలికల గుండా చెవి కిందికి, దవడ కీలు పక్కకి, అక్కణ్నుంచి పుర్రె అడుగుకి దిగుతుంది. ఆ అడుగు ఎముకలోని రంధ్రాల గుండానే ముఖాన్ని కదిలించే నరం, గొంతునూ నాలుకనూ భుజాన్నీ కదిలించే నరాలు బయటికొస్తాయి. మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద సిర కూడా అక్కడే ఉంది. జబ్బు పైకి కాక కిందికీ లోపలికీ నడుస్తుంది కాబట్టి కర్ణభేరి చాలాసార్లు బాగానే ఉంటుంది. పైపైన చూసినవాళ్లు ‘పెద్దగా ఏం లేదు’ అనడానికి అది కూడా ఒక కారణం.

సగం మంది బతకని రోజులు

చెవి పక్కన ఎముక ఇలా కుళ్లిపోవడం గురించి ఫ్రెంచ్ వైద్యుడు టూల్మూష్ 1838లోనే రాశాడు. 1959లో మెల్ట్‌జర్, కెలెమెన్ అనే ఇద్దరు అమెరికాలో మరో రోగిని వర్ణించారు. అయితే ఇది ప్రత్యేకమైన జబ్బని, షుగరున్న వృద్ధుల్నే వెతుక్కుంటూ వస్తుందని లోకానికి చెప్పింది మయామీలోని చెవి వైద్యుడు జేమ్స్ చాండ్లర్. 1968లో ఆయన 13 మంది రోగుల కథ ప్రచురించాడు. వారిలో దాదాపు సగం మంది చనిపోయారు. అంత మందిని తీసుకుపోతోంది కాబట్టే క్యాన్సర్‌కు వాడే ‘మాలిగ్నెంట్’ అనే విశేషణం దీనికి తగిలించాడు.

అప్పట్లో చేతిలో ఉన్న ఆయుధం కత్తి. కుళ్లిన మృదులాస్థినీ ఎముకనూ వీలైనంత తీసేసేవారు. అయినా జబ్బు ముందుకే పోయేది. 1970ల్లో కార్బెనిసిలిన్, జెంటామైసిన్ జంటగా ఇవ్వడం మొదలయ్యాక మరణాలు తగ్గాయి. కానీ జెంటామైసిన్ మూత్రపిండాల మీదా, లోపలి చెవి మీదా దెబ్బకొట్టే మందు. అసలే షుగరుతో కిడ్నీలు బలహీనపడిన వృద్ధులకు వారాల తరబడి దాన్ని ఎక్కించడం కత్తి మీద సాము.

1987లో అమెరికాలో సిప్రోఫ్లోక్సాసిన్‌కు అనుమతి దొరికింది. నోటితో వేసుకునే మాత్ర స్యూడోమోనాస్‌ను చంపడం, ఎముకలోకి కూడా బాగా చేరడం అదే మొదలు. నెలన్నర పాటు ఆసుపత్రి మంచానికి అతుక్కుపోవాల్సిన మనిషి ఇంట్లో ఉండి మాత్రలు వేసుకునే రోజు వచ్చింది. ఈ జబ్బు చరిత్రలో అంతటి మలుపు మరొకటి లేదు. దాన్ని మనమే పాడుచేసుకున్నామని చెప్పక తప్పదు. విరేచనాలకు సిప్రో, మూత్రంలో మంటకు సిప్రో, జ్వరానికి సిప్రో. చీటీ లేకుండా రెండు మాత్రలు, తగ్గగానే బంద్. ఆ వాడకం వల్ల సిప్రోకు లొంగని స్యూడోమోనాస్ ప్రపంచమంతటా పెరిగింది. ఇవాళ మాత్రతోనే నయమవుతుందని రోగికి ముందుగా మాట ఇచ్చే ధైర్యం ఏ వైద్యుడికీ లేదు.

జ్వరం ఉండదు, కౌంటు పెరగదు

ఈ జబ్బు మోసం చేసే తీరు తెలిస్తే సగం ఆలస్యం తగ్గుతుంది. ఎముక కుళ్లుతున్నా చాలామందికి జ్వరం రాదు. రక్తపరీక్షలో తెల్లకణాల సంఖ్య మామూలుగానే ఉండొచ్చు. చెవి బయట వాపు పెద్దగా ఉండకపోవచ్చు. చీము ధారగా కారాలనీ లేదు, కాస్త తడి మాత్రమే కనబడొచ్చు. ఇన్ని ‘లేవు’ల మధ్య ఉన్నది ఒక్కటే, నొప్పి. కనిపిస్తున్న చెవికీ, మనిషి పడుతున్న బాధకూ పొంతన కుదరదు. ఆ పొంతన లేకపోవడమే అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం.

రాత్రి పూట పెరిగే నొప్పి. కణతకు, తల వెనక్కు, దవడకు పాకే నొప్పి. నమిలినప్పుడు ఎక్కువయ్యే నొప్పి. మాత్ర వేసుకుంటే నాలుగు గంటలు తగ్గి మళ్లీ మొదలయ్యే నొప్పి. చుక్కల మందు వారం పది రోజులు సక్రమంగా వేసినా ఇలాగే ఉంటే, ఆ మనిషికి షుగరుంటే, జబ్బు ఎముకకు పట్టలేదని తేలేదాకా పట్టిందనే అనుమానించాలి. రోగికి చుక్కల మందు మార్చి మార్చి రాయడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఒక్కో సీసాకు ఒక్కో వారం పోతుంది. ఆ వారాల్లోనే జబ్బు నరాల దాకా నడుస్తుంది.

నొప్పి దవడలో తెలుస్తుంది కాబట్టి కొందరు ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి పోతారు. పన్ను తీయించుకున్నా నొప్పి ఉంటుంది. మరికొందరు తలనొప్పి అనుకుని నరాల డాక్టర్ దగ్గరికి పోతారు. ఊళ్లో ఉండేవాళ్లు వెల్లుల్లి కాచిన నూనె వెచ్చగా పోసుకుంటారు. తడీ జిడ్డూ నిలిచిన చెవి సూక్ష్మజీవికి ఇంకా అనువుగా తయారవుతుంది. ఇక మెడికల్ షాపులో దొరికే నొప్పి మాత్రలు. నిద్ర లేని మనిషి రోజుకు మూడు నాలుగు డైక్లోఫెనాక్‌లు మింగితే ఆశ్చర్యం లేదు. కానీ రేపు ఇవ్వబోయే యాంటీబయాటిక్ మోతాదు కిడ్నీల స్థితిని బట్టే నిర్ణయిస్తారు. ఆ కిడ్నీలనే ఇవాళ ఈ మాత్రలు దెబ్బతీస్తుంటాయి.

మూతి వంకర పోయిందంటే

ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే నీళ్లు నోటి పక్క నుంచి కారిపోతాయి. ఒక కన్ను మూతపడదు. ఇంట్లో పక్షవాతం అని గగ్గోలు మొదలవుతుంది. మెదడు స్కానింగ్ తీస్తే బాగానే ఉంటుంది. అప్పుడు ముఖ నరం ఒక్కటే చచ్చుబడే బెల్స్ పాల్సీ అనే నిర్ధారణకు రావడం చాలా తేలిక. దానికి వాడేది స్టెరాయిడ్ మాత్రలు.

ఇక్కడే ప్రాణం మీదికి వస్తుంది. స్టెరాయిడ్ షుగరును పైకి ఎగదోస్తుంది, ఉన్న కాస్త రోగనిరోధక శక్తినీ అణిచేస్తుంది. ఎముకలో చీముతో ఉన్న మనిషికి అంతకంటే హాని చేసే మందు వెతికినా దొరకదు. కాబట్టి షుగరున్న మనిషికి మూతి వంకర పోతే, అంతకుముందు కొన్ని వారాలుగా అదే వైపు చెవి నొప్పి ఉందా అని అడగాలి. డాక్టర్ అడగకపోతే ఇంట్లోవాళ్లే చెప్పాలి. స్టెరాయిడ్ చీటీ రాసే ముందు ఒకసారి చెవి లోపల చూడమని అడగడం మన హక్కు. చెవి మీద నీటి పొక్కులతో వచ్చే సర్పి వల్ల కూడా ముఖం ఇలా లాగేస్తుంది. దానికి వైద్యం వేరు, దాన్ని తేల్చేది కూడా చెవి పరీక్షే.

జబ్బు ఇంకా లోపలికి పోతే గొంతు బొంగురుపోతుంది. మంచినీళ్లు తాగితే కొరబోతుంది, మింగుడు పడదు. భుజం వాలిపోతుంది, నాలుక ఒక పక్కకు తిరుగుతుంది. ఈ దశలో వచ్చినవాళ్లను గొంతు క్యాన్సరేమో అని వెతకడం కూడా జరుగుతుంది. పుర్రె అడుగున ఉన్న పెద్ద సిరలో రక్తం గడ్డకట్టడం, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకడం ఆ తర్వాతి మెట్లు. ఇవి భయపెట్టడానికి చెప్పడం లేదు. ముఖ నరం దెబ్బతిన్న తర్వాత కూడా మందులతో జబ్బు తగ్గినవాళ్లున్నారు. ముఖం మాత్రం అందరికీ పూర్తిగా వెనక్కు రాదు. అంతవరకు మూతపడని కన్ను ఎండిపోకుండా కంటి చుక్కలు వేయాలి, రాత్రి రెప్పను టేపుతో మూసి ఉంచాలి. ఈ చిన్న పని మరిచిపోతే జబ్బు తగ్గి చూపు పోయే పరిస్థితి వస్తుంది.

స్కానింగులు, ఒక చిన్న ముక్క

ఈఎన్‌టీ డాక్టర్ మైక్రోస్కోపు కింద చెవిని శుభ్రం చేసి చూస్తారు. మృదులాస్థి ఆగి ఎముక మొదలయ్యేచోట, గొట్టం అడుగున ఎర్రటి పుండు కండ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. అక్కడి చీమును కల్చర్ పరీక్షకు పంపుతారు. ఏ సూక్ష్మజీవి ఉందో, ఏ మందుకు లొంగుతుందో తేల్చేది ఈ పరీక్షే. వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇది జరగాలి. నాలుగు రకాల చుక్కలు, రెండు రకాల మాత్రలు వాడి వచ్చిన చెవిలో ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు వైద్యం చీకట్లో బాణం వేసినట్టే. ఇంట్లో ఇప్పటిదాకా వాడిన సీసాలూ మాత్రల అట్టలూ అన్నీ పట్టుకెళ్లండి, ఒక్కటీ దాచొద్దు.

ఆ పుండు కండ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఇది క్యాన్సర్ కాదని పైన చెప్పాను. కానీ చెవి గొట్టంలో నిజంగానే క్యాన్సర్ వస్తే అదీ ఇలాగే కనబడుతుంది, ఇలాగే నొప్పి పెడుతుంది. రెండూ వేరని తేల్చేది ఆ ముక్కే. బయాప్సీ అనగానే వద్దని మొండికేసే కుటుంబాలు ఈ సంగతి అర్థం చేసుకోవాలి.

రక్తపరీక్షల్లో నమ్మదగినవి ఒంట్లో వాపును కొలిచే ఈఎస్ఆర్, సీఆర్పీ. ఈఎస్ఆర్ గంటకు 50 మిల్లీమీటర్లు దాటడం మామూలు, 100 దాకా పోయిన సందర్భాలూ ఉంటాయి. వైద్యం పనిచేస్తోందో లేదో చెప్పేవి కూడా ఈ అంకెలే. ఎముక ఎంత దెబ్బతిందో సీటీ స్కాన్ చూపిస్తుంది. అయితే ఎముకలోని ఖనిజం మూడో వంతు దాకా కరిగిపోతే తప్ప సీటీలో తేడా సరిగా తెలియదు. మొదటివారాల్లో ‘సీటీ నార్మల్’ అని వచ్చిందని ఊపిరి పీల్చుకోవడానికి వీల్లేదు. మెత్తని కణజాలంలో, ఎముక మజ్జలో జబ్బు ఎంతదూరం పాకిందో చూడాలంటే ఎమ్మారై కావాలి. టెక్నీషియం బోన్ స్కాన్ జబ్బును ముందుగానే పట్టుకుంటుంది కానీ తగ్గిన తర్వాత కూడా నెలల తరబడి అలాగే వెలుగుతుంటుంది. కాబట్టి తగ్గిందా లేదా అన్నది దాంతో తేలదు. అందుకు గాలియం స్కాన్, ఈమధ్య కొన్నిచోట్ల పెట్ స్కాన్ వాడుతున్నారు.

ఈ పరీక్షలన్నీ ఒకేచోట దొరికే ఊళ్లు మనకు ఎక్కువ లేవు. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖపట్నం పెదవాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు జబ్బుల కోసమే ఉన్నవి. బోధనాసుపత్రులన్నిట్లోనూ ఈఎన్‌టీ విభాగాలున్నాయి. జిల్లాలో ఉన్న మనిషి మండల కేంద్రంలో చుక్కల మందుతో నెల రోజులు గడిపేకంటే, పది రోజులకే అక్కడికి చేరడం మేలు.

ఆరు వారాలు, ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా పైన

వైద్యం అసలు బరువు మందు పేరులో లేదు, గడువులో ఉంది. ఎముకలోకి మందు నెమ్మదిగా చేరుతుంది, అక్కడి సూక్ష్మజీవి నెమ్మదిగా చస్తుంది. ఆరు వారాలకు తక్కువ కాకుండా, చాలామందికి ఎనిమిది నుంచి పన్నెండు వారాల దాకా యాంటీబయాటిక్ నడవాలి. జబ్బు తొలిదశలో ఉండి, కల్చర్‌లో సిప్రోకు లొంగుతుందని తేలితే మాత్రలు చాలు. కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లకు సాధారణంగా 750 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాస్తారు. జబ్బు ముదిరినా, సిప్రోకు లొంగకపోయినా సెఫ్టాజిడిమ్, పైపరాసిలిన్-టాజోబ్యాక్టమ్, మెరోపెనెమ్ లాంటి ఇంజెక్షన్లను నరంలోకి ఎక్కించాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, వారాల పాటు. చేతి నరాలు నిలవవు కాబట్టి పిక్ లైన్ అనే సన్నని గొట్టాన్ని మోచేతి పైభాగంలో అమర్చి ఇంటికి పంపే పద్ధతి ఉంది. దగ్గరలోని నర్సింగ్‌హోమ్‌లోనో, ఇంటికొచ్చే నర్సుతోనో ఎక్కించుకోవచ్చు.

వైద్యం మొదలైన కొన్ని రోజులకు నొప్పి తగ్గుతుంది. అదే ప్రమాదకరమైన ఘడియ. రెండు వారాల తర్వాత హాయిగా నిద్రపోతున్న మనిషి ‘ఇంక ఎందుకురా ఈ సూదులు, డబ్బు దండగ’ అంటాడు. కొడుకు కూడా అప్పటికే సెలవులన్నీ వాడేసి ఉంటాడు. అందరూ అలసిపోయిన ఆ సమయంలోనే మందు ఆగిపోతుంది, మరో నెలకు జబ్బు తిరగబెడుతుంది. ఈసారి మొదటి మందుకు లొంగదు. నొప్పి పోవడం వైద్యం పనిచేస్తోందనడానికి గుర్తు, పూర్తయిందనడానికి కాదు. ఆపే రోజును ఈఎస్ఆర్, సీఆర్పీ, స్కాన్ చూసి డాక్టర్ నిర్ణయించాలి. ఖర్చు భారమైతే మధ్యలో ఆపేసే ముందు ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్రను కలవండి. ప్రభుత్వ ఆసుపత్రికి మారి అయినా గడువు పూర్తి చేయండి.

ఇంట్లో సిప్రో వాడేవాళ్లు గమనించాల్సినవి కొన్నున్నాయి. కడుపులో మంటకు వాడే యాంటాసిడ్లు, కాల్షియం, ఐరన్ మాత్రలు సిప్రోను పేగులోనే పట్టేసుకుంటాయి, మందు రక్తంలోకి చేరదు. సిప్రో వేసుకున్నాక కనీసం రెండు గంటల తర్వాతే వాటిని వేసుకోవాలి, వాటిని ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగి సిప్రో వేసుకోవాలి. పాలతోనో పెరుగన్నంతోనో కలిపి వేసుకున్నా ఇదే నష్టం, మంచినీళ్లతో వేసుకోవాలి. గ్లిబెంక్లమైడ్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు సిప్రోతో కలిసి షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే షుగరు చూడాలి. మడమ వెనక స్నాయువు దగ్గర కొత్తగా నొప్పి మొదలైతే నడక ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. 60 దాటినవాళ్లలో ఈ మందు వల్ల ఆ స్నాయువు తెగే ప్రమాదం ఎక్కువ.

షుగరు అదుపు ఈ వైద్యంలో పక్క వాయిద్యం కాదు. చాలామందికి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇన్సులిన్ ఇస్తారు. ‘ఇన్సులిన్ అలవాటైపోతుంది’ అనే భయంతో పెద్దవాళ్లు వద్దంటారు. తెల్లకణాలు పనిచేయాలంటే చక్కెర దిగాలి, ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా ఆ పని చేయలేదు.

కత్తి పాత్ర ఇప్పుడు చిన్నది. చనిపోయిన కండను, ఊడివచ్చే ఎముక ముక్కల్ని తీయడం, చీము గడ్డకడితే బయటికి పంపడం, బయాప్సీ తీయడం. ఒకప్పటిలా విస్తారంగా కోసే ఆపరేషన్లు చేయడం లేదు. గదిలో ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పట్టించే వైద్యాన్ని కొన్ని ఆసుపత్రులు తోడుగా ఇస్తున్నాయి. దానికి ఆధారాలు వెతికిన కాక్రేన్ సమీక్షకు 2013లో సరైన తులనాత్మక పరీక్ష ఒక్కటీ దొరకలేదు. కాబట్టి దానికోసం అప్పు చేసేముందు, ఆ డబ్బు యాంటీబయాటిక్ గడువు పూర్తి చేయడానికి సరిపోతుందా అని ఆలోచించమని నా సలహా.

బూజు జాతి చేరినప్పుడు

యాంటీబయాటిక్ సరిగ్గా నడుస్తున్నా నొప్పి తగ్గకపోతే ఫంగస్‌ను అనుమానిస్తారు. ఎక్కువగా ఆస్పర్‌జిల్లస్ జాతి, ఒక్కోసారి క్యాండిడా. పైపైన తీసిన చీములో ఇవి దొరకకపోవచ్చు, లోతుగా తీసిన ముక్క కావాలి. 2021 వేసవిలో మ్యూకార్ జాతి ఫంగస్ వల్ల వచ్చిన బ్లాక్ ఫంగస్ మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో రోగులు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి బారులు తీరారు, యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం ఊళ్లు తిరిగారు. అప్పుడు బాధపడినవాళ్లలో ఎక్కువమంది షుగరు అదుపు తప్పినవాళ్లు, స్టెరాయిడ్లు వాడినవాళ్లు. చెవి ఎముకకు పట్టే ఫంగస్ వేరే జాతే అయినా అది చూసుకునే నేల ఒకటే. దీనికి వోరికొనజోల్ మాత్రలు నెలల తరబడి వాడాల్సి వస్తుంది, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఆ మందు వాడే రోజుల్లో ఎండలో తిరగకూడదు.

చెవి జోలికి పోకుండా

నివారణ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చెవిలో ఏదీ పెట్టకూడదు, నూనె పోయకూడదు. దురద ఉంటే చర్మ జబ్బు కావొచ్చు, దానికి మందుంది, పుల్ల మందు కాదు. తలస్నానం చేశాక చెవి బయట తువ్వాలుతో ఒత్తుకుంటే చాలు. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లు రాత్రి తీసేయాలి, చెవి తడిగా ఉన్నప్పుడు పెట్టుకోకూడదు, దాని మొనను రోజూ తుడవాలి. గులిమి నిజంగా అడ్డుపడితే ‘నాకు షుగరుంది’ అని ముందుగా చెప్పి, సిరంజి నీళ్లతో కాకుండా మైక్రోస్కోపు కింద సక్షన్‌తో తీయమని అడగాలి. షుగరు క్లినిక్కులో కాళ్లు చూసినట్టే, కళ్లు చూసినట్టే, ‘చెవి నొప్పి ఏమైనా ఉందా’ అనే ఒక్క ప్రశ్న వేసే అలవాటు వస్తే ఎంతో మేలు. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.

చాండ్లర్ కాలంలో సగం మందిని తీసుకుపోయిన జబ్బు, ఇవాళ తొందరగా పట్టుకుంటే అత్యధికులు బయటపడేదిగా మారింది. అయితే మందు ఆపిన రోజుతో కథ అయిపోదు. కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాకా జబ్బు తిరగబెట్టిన సందర్భాలున్నాయి. అందుకే ఆ ఏడాదంతా డాక్టర్ చెప్పిన వాయిదాలకు చెవి చూపించుకోవాలి, ఈఎస్ఆర్ చేయించుకోవాలి. ఈలోగా అదే చెవిలోనో, రెండో చెవిలోనో రాత్రి నొప్పి మళ్లీ మొదలైతే చుక్కల మందుతో మొదటి నుంచి ప్రారంభించకుండా, పాత స్కాన్లూ కల్చర్ రిపోర్టూ ఉన్న ఫైలు పట్టుకుని అదే వారంలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.